గీత లేని కార్డు

ఆ శనివారం సాయంత్రం కాజీపేటలో హైదరాబాదు బండి కదిలేలోగా డిటెక్టివ్ ఉప్పలయ్య చేయవలసిన పనులు ఇవి:

హైదరాబాదు కంప్యూటర్ కేంద్రానికి ట్రంక్ కాల్ బుక్ చేయాలి. అరుణను వాళ్లమ్మ ముందు కాకుండా విడిగా ప్రశ్నించాలి. పంచింగ్ గది తాళం తీయించి చూడాలి. గోపాల్ చేత నిజం చెప్పించాలి. రాజమల్లు తన ట్రంకు పెట్టెతో బండెక్కకముందే ఆ రెండు కార్డుల కట్టలనూ ఒక్కసారి కళ్లారా చూడాలి.

చివరిది ఆయన భార్య లక్ష్మీనర్సమ్మ గుమ్మంలో నిలబడి చేర్చింది: "ఇంత తిని పోవాలె."

ఆ ఒక్క పనీ జరగలేదు.

ఇన్ని పనులూ ఒక్క అమ్మాయి కోసం. అరుణది కేసముద్రం. తండ్రి లేడు. తల్లి యాకమ్మ మార్కెట్ యార్డులో మక్కలు చెరుగుతుంది; బిడ్డ కోసం ఉప్పలయ్య దగ్గరికి వచ్చింది ఆమే. ఆ ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి అరుణే. హనుమకొండలో సుందర్ రావు నడిపే శిక్షణ కేంద్రంలో ఏడాదిపాటు కోబాల్ అనే కంప్యూటర్ భాష నేర్చుకుని, మొన్న మార్చిలో వ్యాపార ప్రోగ్రామర్ల అర్హతా మండలి పెట్టిన సర్టిఫికెట్ పరీక్షకు కూచుంది. ఆ సర్టిఫికెట్ తెస్తే ఉద్యోగం ఇస్తామని ఒక బ్యాంకు మాటిచ్చింది.

ఆ పరీక్షలో కాగితం మీద రాసేది సగమే. మిగతా సగం చేతిపని. ఒక ఫ్యాక్టరీ జీతాల లెక్కకు ప్రోగ్రాము రాసి, దానిలోని ఒక్కో వాక్యాన్ని ఒక్కో అట్టకార్డు మీద మిషన్‌తో చిల్లులుగా పొడవాలి. కార్డులన్నీ వరసగా పేర్చి, పైన పేరు కార్డు పెట్టి, రబ్బరు బ్యాండు వేసి అప్పగించాలి. ఓరుగల్లులో 1984లో కంప్యూటర్ ఎక్కడిది? కట్టలన్నీ ట్రంకు పెట్టెలో హైదరాబాదు పోతాయి. అక్కడి కంప్యూటర్ వాటిని చదివి పాసో ఫెయిలో తేలుస్తుంది.

ఈసారి అది ఇంకొకటి కూడా తేల్చింది. అరుణ కట్టా, గోపాల్ అనే కుర్రాడి కట్టా చిల్లుకు చిల్లు ఒకటే. పరీక్షలో గోపాల్ ముందు కూచున్నాడు, అరుణ వెనక కూచుంది. కనుక అరుణే చూసి కొట్టిందని మండలి విచారణాధికారి రాజమల్లు నివేదిక రాసుకొని మరీ, నియమం ప్రకారం ఆ కేంద్రం కట్టలన్నీ ఉన్న ట్రంకుతో హైదరాబాదు నుంచి దిగాడు. దానిమీద డైరెక్టరుగా సుందర్ రావు సంతకం పడిందా, అరుణ ఈ జన్మలో మళ్లీ ఆ పరీక్ష రాయడానికి వీల్లేదు.

కేంద్రం వెనక వరండాలో ఉప్పలయ్య ఆ అమ్మాయిని పలకరింపు కూడా లేకుండా అడిగాడు.

"కాపీ కొట్టినవా?"

"కొట్టలె."

"గోపాల్ వెనకనే కూచున్నవు గద."

"వెనక కూచుంటే ఆయన వీపు కనవడ్తది సార్. కార్డుల చిల్లులు కనవడయి."

జవాబు బాగుంది. బాగున్న జవాబులంటేనే ఉప్పలయ్యకు అనుమానం ఎక్కువ.

"మిషన్ల దగ్గర?"

"ఎవరి మిషన్ వాళ్లదే. మధ్యల కరెంటు పోయింది. మళ్ల వచ్చేసరికి మూడు దాటింది. ఐదింటికి కట్ట ఇయ్యాలె. ఎవ్వరికీ పక్కకు చూసే తీరిక లేకుండె."

"పేరు కార్డు తీసి పారేస్తే, నీ కట్టను నువ్వు గుర్తువట్టగలవా?"

"గీత చూస్తె గుర్తువడ్త."

"ఏం గీత?"

"కార్డులన్నీ పేర్చి, సమానంగ తట్టి, మీది అంచుల మీద ఈ మూల నుంచి ఆ మూలకు ఏటవాలుగ ఒక్క గీత గీస్తం సార్. ప్రతి కార్డు అంచుకు ఇంత చుక్క పడ్తది. కట్ట జారి చెదిరిపోయినా, చుక్కలు చూసుకుంట పేరిస్తే మళ్ల గీత అయితది. మా పంచింగ్ రూం దావీదు సార్ నేర్పిండు. గీత లేని కట్టను ఆయన ముట్టకపోయేది."

"అందరూ గీసిన గీతే గద. నీదని ఎట్ల తెలుస్తది?"

"నా గీతల ఒక్క కార్డుకు చుక్క లేదు. గీత గీసినంక చూసుకుంటే ఓవర్‌టైం లెక్కల తప్పు కనవడ్డది. ఆ ఒక్క కార్డు కొత్తగ పొడిచి పాతదాని జాగల పెట్టిన. దానికి చుక్క పెట్ట టైం లేకుండె. దావీదు సార్ చూసి, పోనీ తియ్యి బిడ్డా, కంప్యూటర్ గీత చదవదు అన్నడు."

"అయితే దావీదునే అడుగుదం."

అరుణ తల వంచుకుంది. "సార్ ఎండకాలంల పోయిండు. గుండెనొప్పి."

ఉన్న ఒక్క సాక్షి సమాధిలో ఉన్నాడు! చనిపోయినవాళ్లను సాక్షులుగా చూపినవాళ్లను ఉప్పలయ్య రైల్వే పోలీసులో పనిచేసినన్నాళ్లు చాలామందినే చూశాడు. వాళ్లలో చాలామంది జైలుకే పోయారు.

"ఇంకెవరికన్న తెల్సా?"

"పక్క మిషన్ ఎల్లస్వామికి తెల్సు. పాలంపేటాయన. నాకంటె హుషారు సార్, మాకు రానియన్నీ ఆయననే అడిగేది. కని ఆయన ఫెయిలైండు. రిజల్టు చూసి ఎవ్వరితోని మాట్లాడలె. నాకు ఇంత తెలివి లేదు అరుణా అని పుస్తకాలన్నీ నా చేతుల పెట్టి ఊరికి పోయిండు. మళ్ల రాలె."

ఫెయిలైన స్నేహితుడి మాట రాజమల్లు వింటాడా! ఉప్పలయ్య లేచాడు. అరుణ చెప్పినదంతా నిజమే కావచ్చు. ఎవరూ సరిచూడలేని విధంగా అల్లిన అబద్ధమూ కావచ్చు. తేల్చేది ఆ కట్టలే.

పంచింగ్ గది తాళం తీసేముందు సుందర్ రావు రెండుసార్లు వీధి వైపు చూశాడు. మంచి మనిషే, కాని భయస్తుడు. గదిలో మిషన్లన్నిటికీ గుడ్డలు కప్పి ఉన్నాయి. బల్ల అంచుకు పురికొసతో ఎర్ర స్కెచ్ పెన్ను వేలాడుతోంది. దాని మీద గోడకు దావీదు చేతిరాతతో అట్ట: 'ఒక్క గీత గీసిన కట్టలే తీసుకొనబడును.'

"ఈ గీత అంతటా ఉన్న పద్ధతేనా?" అడిగాడు ఉప్పలయ్య.

"అంతటా గీస్తరు. కని ఎవరి గురువు నేర్పిన తీరు వాళ్లది. మా పిల్లలందరిదీ దావీదు గీత."

"ట్రంకుకు తాళం ఎవరేసిండ్రు?"

"నేను, దావీదు. ఆరోజు సాయంత్రమే కాజీపేటల రాజమల్లు సార్‌కు అప్పజెప్పినం. ఒక తాళంచెవి నా దగ్గర, ఒకటి ఆయన దగ్గర."

అప్పుడే ఆఫీసు గదిలో ఫోన్ మోగింది. ట్రంక్ కాల్. అవతల కంప్యూటర్ కేంద్రం గుమాస్తా. ఉప్పలయ్య అడిగినవి రెండే ప్రశ్నలు. ఫోన్ పెట్టేసి వచ్చేసరికి ఆయన ముఖం మారింది.

"సుందర్ రావు గారూ, ఆ బండి రాత్రికే హైదరాబాదు చేరింది గద. మీ పెట్టె కంప్యూటర్ కేంద్రానికి ఎప్పుడు ముట్టిందో తెల్సా? తెల్లారి మధ్యాహ్నం, భోజనాలైనంక. అంతదనుక అది ఎక్కడున్నట్టు?"

"నన్ను అడగకుండ్రి." సుందర్ రావు మిషన్ మీది గుడ్డ సర్దాడు. "నా కేంద్రం గుర్తింపు వాళ్ల చేతులల్ల ఉంది. సంతకం పెట్టకపోతే రేపు ఈ గదికి శాశ్వతంగ తాళమే."

"సంతకం పెడితే?"

సుందర్ రావు దావీదు రాసిన అట్టవైపు చూసి, చూపు తిప్పుకున్నాడు.

గోపాల్‌ను పిలిపించారు. నీలం టెరిలిన్ చొక్కా, దువ్వి దువ్వి అణిచిన జుట్టు. మేనమామ హైదరాబాదులో మండలి సభ్యుడని కేంద్రంలో అందరికీ తెలుసు.

"శభాష్ గోపాల్! అంత కష్టమైన ప్రోగ్రాం రాసినవట. ఓవర్‌టైం ఎట్ల కట్టినవు, జర చెప్పు," అన్నాడు ఉప్పలయ్య ఎంతో ప్రేమగా.

"అది... మామూలుగనే."

"మామూలుగ అంటే?"

గోపాల్ చెమట తుడుచుకున్నాడు.

"పోనీలే. నువ్వు అప్పజెప్పిన కట్ట ఎంత మందం ఉండె?"

కుర్రాడు ఆలోచించకుండా బొటనవేలూ చూపుడువేలూ చూపించాడు. మధ్య సందులో అగ్గిపెట్టె పట్టేంత జాగా.

"గంతేనా? నీ పేరు మీద ఉన్న కట్ట ఇటుకంత ఉందని ఫోన్ల చెప్పిండు గుమాస్తా. పెట్టెల పెట్టినంక పిండిలెక్క పొంగిందా?"

గోపాల్ బెంచీ మీద కూలబడ్డాడు.

"కరెంటు పోయినంక నేను సగం గూడ పొడవలె సార్. ఉన్నయే కట్టి గీత గీసి ఇచ్చిన. మామ అన్నడు, నువ్వు పోయి కూసో, మిగతాది వాళ్లు చూసుకుంటరు అని. పాసైతనని నాకు గూడ తెల్వది. అరుణ మీద ఇట్లయితదని అసలే తెల్వది."

"వాళ్లు అంటే ఎవరు?"

"పేరు చెప్పలె."

బయట రిక్షా ఆగిన చప్పుడు. ట్రంకు పెట్టె మెట్లకు కొట్టుకున్న మోత. ఆ వెనకే ఓ గొంతు: "ఏమయ్యా ఉప్పలయ్యా! ఇంక గదే బోర్డు, గదే సైకిలా?"

సఫారీ సూటులో రాజమల్లు. ఉప్పలయ్యా ఆయనా ఒకప్పుడు సాయంకాలం కాలేజీలో ఒకే బెంచీ. రాజమల్లు హైదరాబాదు పోయి డేటా సెంటర్‌లో చేరి, అక్కణ్నుంచి మండలిలోకి పాకాడు.

"బోర్డు గదే. సైకిల్ మాత్రం మార్చిన," అన్నాడు ఉప్పలయ్య.

"నీకు సమజయ్యే కేసు కాదిది. చైన్లు తెంపుకపోయేటోళ్లను వట్టుకో పో. ఇది కంప్యూటర్ ముచ్చట."

"అందుకే భయమైతాంది. నువ్వు పెద్ద చదువు చదివినవు, జర నేర్పు. పొద్దున్నుంచి అందరూ గీత గీత అంటున్నరు. ఏందది? కార్డుల మీద గీతేంది?"

రాజమల్లు పగలబడి నవ్వాడు. "గీత గూడ తెల్వదు, విచారణకు వచ్చిండు!" బల్ల మీది ఖాళీ కార్డులు ఓ గుప్పెడు తీసుకున్నాడు. టకటకా బల్లకు తట్టి అంచులు సమానం చేశాడు. వేలాడే స్కెచ్ పెన్ను అందుకుని, అలవాటైన చేత్తో, చూడకుండానే గీశాడు. ముందటి కార్డు ఒక మూల నుంచి చివరి కార్డు నడిమికి ఒకటి, ఆ నడిమి నుంచి ముందటి కార్డు రెండో మూలకు ఇంకొకటి. కొంగ రెక్కలు చాపినట్టు రెండు గీతలు నడుమ కలుసుకున్నాయి.

"ఇగో. కింద పడ్డా మళ్ల వరసల పెట్టుకోవచ్చు. మా డేటా సెంటర్ల చిన్న పోరగాడు గూడ కండ్లు మూసుకొని గీస్తడు."

సుందర్ రావు ఏదో అనబోయాడు. ఉప్పలయ్య ఆయన కాలు తొక్కాడు.

"మంచిగ నేర్పినవు. ఇగ ఆ రెండు కట్టలు ఒక్కసారి చూపెట్టు. నీ ముందటనే చూస్త."

"చూస్కో. నువ్వు చూస్తే చిల్లులు పూడుతయా?" రాజమల్లు ట్రంకు తెరిచి రెండు కట్టలు బల్ల మీద పడేశాడు.

ఉప్పలయ్య అరుణనూ యాకమ్మనూ లోపలికి పిలిచాడు. రబ్బరు బ్యాండ్లు తీయకుండానే రెండు కట్టలనూ అంచులు పైకి వచ్చేటట్టు నిలబెట్టాడు. గోపాల్ పేరున్న కట్ట మీద ఈ మూల నుంచి ఆ మూలకు ఒక్క ఎర్ర గీత. ముప్పాతిక దూరంలో ఆ గీత పన్ను ఊడినట్టు ఒక్కచోట తెగి ఉంది. అరుణ పేరున్న కట్ట మీద రెండు గీతలు, నడుమ కలుస్తూ.

దాని పక్కనే, రాజమల్లు ఇప్పుడే గీసిన ఖాళీ కార్డులను పెట్టాడు ఉప్పలయ్య.

యాకమ్మకు కార్డులూ తెలియవు, కంప్యూటరూ తెలియదు. "ఈ రెండూ ఒక్క చేతియే గదా అన్నా," అంది.

"అవును చెల్లె. ఈ సార్ చేతియి. రాజమల్లూ, ఆ రాత్రి పెట్టె మీ డేటా సెంటర్‌కు పోయింది. అరుణ కట్టను మిషన్ మీద కార్డుకు కార్డు నకలు తీసినవు. గోపాల్ ఇచ్చిన సగం కట్ట పారేసి, అతని పేరు కార్డు అసలుదానికి తగిలించినవు. నకలుకు అరుణ పేరు కార్డు. అందులో ఒక కార్డు తీసేసి ఉంటే పిల్ల ఫెయిల్ అయ్యేది, సప్పుడు లేకుండ పోయేది. తీసుడు మర్చిపోయినవు. రెండూ పాసైనయి. ఇగ నెత్తిమీదికి వస్తదని పిల్లను దొంగను చేసినవు. చిల్లులన్నీ సరిచూసుకున్నవు కని, నకలు మీద గీత గీసేటప్పుడు నీ చెయ్యి నీ గురువు నేర్పిందే గీసింది."

"మండలి కట్టలు ముట్టకుండ్రి." రాజమల్లు రెండు కట్టలనూ లాక్కున్నాడు. రబ్బరు బ్యాండ్లు పుటుక్కుమన్నాయి. ఆయన చేతులు విసురుగా కదిలాయి. మరుక్షణం రెండు కట్టల కార్డులూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి గది నిండా పరుచుకున్నాయి.

"అరెరె, చెయ్యి జారింది," అన్నాడు తీరిగ్గా. "ఇగ ఏది ఎవరిదో ఆ దేవుడే చెప్పాలె. సంతకం పెట్టు సుందర్ రావూ, బండికి టైమైతాంది."

అరుణ నేల మీద కూచుంది. ఎవరి వైపూ చూడలేదు. ఒక్కో కార్డు అంచు చూస్తూ, ఒక్క చుక్క ఉన్నది ఎడమ పక్కకు, రెండు చుక్కలున్నది కుడి పక్కకు వేయడం మొదలుపెట్టింది. గోపాల్ కాసేపు చూసి, తానూ వచ్చి ఎదురుగా మోకాళ్ల మీద కూచుని బల్లల కిందికి పోయిన కార్డులు ఏరి ఇవ్వసాగాడు. ఆమె చేతుల కింద ఎడమవైపు ఒక్క గీత లేచింది. కుడివైపు రెండు గీతలు లేచి నడుమ కలిశాయి. రాజమల్లు గడియారం చూసుకోవడం మానేశాడు.

చివరికి ఒక్క కార్డు అరుణ చేతిలో మిగిలింది. అంచు తెల్లగా ఉంది. చుక్క లేదు. ఆమె దానిని చూడకుండానే ఉప్పలయ్యకు అందించింది.

"సుందర్ రావు గారూ, మీకు చదువ వస్తది. దీని మీద ఏముంది?"

సుందర్ రావు కార్డు పైన అచ్చుపడిన అక్షరాలు చదివాడు. "ఓవర్‌టైం లెక్క," అన్నాడు మెల్లగా. "ఈ పిల్ల చెప్పిందే."

ఎడమ కట్టలో తెగిన గీత దగ్గర ఆ కార్డును దోపింది అరుణ. సరిగ్గా సరిపోయింది.

రాజమల్లు గొంతు మార్చాడు. "సరే. ఆఫీసుల ఏదో పొరపాటు జరిగింది అనుకుందం. అమ్మాయి మీద మచ్చ లేదని ఇప్పుడే రాసిస్త. సర్టిఫికెట్ వారం రోజులల్ల ఇంటికొస్తది. ఈ ముచ్చట ఈ గది దాటొద్దు. ఏమంటవమ్మా?"

యాకమ్మ బిడ్డ భుజం పట్టుకుంది. "ఒప్పుకో బిడ్డా. మనకు గంతే చాలు. దండం పెట్టి పోదం."

అరుణ లేచి నిలబడింది. ఆమె చూపు కార్డుల మీద లేదు, ట్రంకు మీద ఉంది.

"ఎల్లస్వామి కట్ట చూపెట్టుండ్రి," అంది.

రాజమల్లు టక్కున ట్రంకు మూత వేసి తాళం నొక్కాడు. ఆ తొందర చూసిన తర్వాత ఉప్పలయ్యకు ఇంకో సాక్ష్యం అక్కరలేకపోయింది. ఆయన అడుగు వేసేలోపే, ఎవరూ ఊహించని పని జరిగింది. పొద్దున్నుంచి భయపడుతున్న సుందర్ రావు వచ్చి ట్రంకు మీద కూచున్నాడు. రెండు కాళ్లూ నేలకు తన్నిపట్టి, బండి మీద కూచున్న పెద్ద మనిషిలా కూచున్నాడు.

"లెవ్వు సుందర్ రావూ. మండలి పెట్టె అది. లెవ్వకపోతే దొంగతనం కేసైతది."

"పెట్టె మండలిదే సార్. లోపటి కట్టలు మా పిల్లలయి," అంటూ సుందర్ రావు జేబులోంచి రెండో తాళంచెవి తీశాడు.

రాజమల్లు గుమ్మం దగ్గరికి పోయి వెనక్కి తిరిగాడు. "నా ఒక్కని పని అనుకుంటున్నవా ఉప్పలయ్యా? నా మీద ఎవరున్నరో నీకు ఎరుకలేదు. గంటల పోలీసోళ్లతోని వస్త. అప్పటికి ఈ పెట్టె ఎవరి చేతిల ఉంటదో వాళ్లే దొంగలు." రిక్షా వేగంగా కదిలిన చప్పుడు వినిపించింది.

"తెరువుండ్రి," అన్నాడు ఉప్పలయ్య. "గంట చాలు."

ఎల్లస్వామి కట్ట అడుగున ఉంది. అరుణ రెండు చేతులతో తీసి బల్ల మీద నిలబెట్టింది. రెండు గీతలు, నడుమ కలుస్తూ. రెండు రెక్కల్లోనూ ఒక్కచోటనే చుక్కలు పక్కకు గెంతాయి. ఆమె వేలు అక్కడ ఆగింది.

"ఇది నకలు, ఇక్కణ్నుంచి ఒక కార్డు తీసిండ్రు సార్. ఆయన అసలు కట్ట ఇంకెవరి పేరు మీదనో పోయింది. ఆయన దేంట్లనూ తప్పలేదు."

ట్రంకులో అట్లాంటి రెక్కల గీతలు ఇంకా ఉన్నాయి. సుందర్ రావు ఒక్కొక్కటి బయట పెడుతుంటే ఉప్పలయ్య గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకుని కూచున్నాడు. రాబోయేది పోలీసులో, పోలీసుల పేరుతో ఇంకెవరో ఆయనకు తెలియదు. ఈ కట్టలు ఇక్కణ్నుంచి పోవడమంటూ జరిగితే కోర్టుకే పోవాలి.

ఇంతవరకు చదివిన మీకు ఒక్క మనవి. అరుణ చేతిలో ఇప్పుడు తన గీత ఉంది, పక్కన నలుగురు మనుషులున్నారు. కాని ఆ సాయంత్రం పాలంపేటలో మోకాలి లోతు బురదలో, తనకు తెలివి లేదని నమ్మి, నారు కట్టలు మోస్తున్న ఎల్లస్వామికి ఈ సంగతి ఇంకా ఎవరూ చెప్పలేదు. ఎవరైనా పోయి చెప్పేదాకా అతన్ని మీరు గుర్తుంచుకోండి.